జాసా, ఎన్‌వీడీఏనా? ముందు తేలాల్సింది డబ్బు ఎవరిదన్నది

చూపులేని వాళ్లకు కంప్యూటర్ తెర మీది సంగతులు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. అలాంటిదే జాస్, డబ్బు పెట్టి కొనాల్సింది. కొనకుండా వాడుకుంటే నలభై నిమిషాలే మాట్లాడుతుంది. ఆ తర్వాత మూగబోతుంది. మళ్లీ నోరు విప్పాలంటే కంప్యూటర్‌ని ఆపి మొదటి నుంచీ స్టార్ట్ చెయ్యాలి. చూపులేని వాళ్లకు కంప్యూటర్ నేర్పిన పాతకాపులను ఎవరినైనా కదిపి చూడండి, ఈ నలభై నిమిషాల కథ ఏదో ఒకటి చెబుతారు. పాఠం మంచి ఊపులో ఉండగా గదిలో ఒక్కో మిషనూ వరసగా గొంతు మూసుకోవడం, సేవ్ చెయ్యని ఉత్తరం గాల్లో కలిసిపోవడం, అందరూ రీస్టార్ట్ కొట్టి చేతులు కట్టుకుని కూర్చోవడం. కొనే స్తోమత లేనివాళ్లు అలాగే నేర్చుకున్నారు, ఏళ్ల తరబడి.

ఇప్పుడు ఆ అవస్థ అక్కర్లేదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, దానికి గడువూ లేదు, తాళమూ లేదు. విండోస్‌తో పాటే నరేటర్ కూడా వస్తుంది. అయినా ప్రశ్న మాత్రం పోలేదు. డిగ్రీలో చేరబోతున్న అమ్మాయి నాన్న అడుగుతాడు: "ఉచితంది పెట్టించి పిల్ల భవిష్యత్తు పాడు చేస్తున్నామేమో సార్, అప్పో సప్పో చేసి జాస్ కొనమంటారా?" బ్యాంకులో కొత్తగా చేరిన కుర్రాడు అడుగుతాడు: "అన్నా, మా ఆఫీసులో ఎన్‌వీడీఏ వెయ్యనివ్వట్లేదు, జాస్ అంటే ఒప్పుకుంటారా?" వినడానికి ఒకే ప్రశ్నలా ఉన్నా రెండూ వేరు. నాన్నది నాణ్యత గురించిన భయం. కుర్రాడిది ఆఫీసు అనుమతుల తలనొప్పి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టెయ్యడం వల్లే ఈ వాదన ఎప్పటికీ తెగదు.

తెర మీది బొమ్మను చదవదు

స్క్రీన్ రీడర్ అంటే తెరను కెమెరాలా చూసి చదివే యంత్రం అని చాలామంది అనుకుంటారు. చూపున్నవాళ్లు మరీను. అది చూడదు, అడుగుతుంది. "ఇప్పుడు కర్సర్ దేని మీద ఉంది? అది బటనా, చెక్‌బాక్సా? పేరేమిటి? టిక్ పెట్టి ఉందా?" అని ఎదుటి ప్రోగ్రామ్‌ని అడిగి, వచ్చిన జవాబును గొంతుగానో బ్రెయిల్‌గానో మార్చి మనకు అందిస్తుంది. ఈ ప్రశ్నలూ జవాబులూ సాగడానికి విండోస్‌లో ఒక ఒప్పందం ఉంది. మైక్రోసాఫ్ట్ 1997లో యాక్టివ్ యాక్సెసిబిలిటీ పేరుతో దాన్ని మొదలుపెట్టింది, తర్వాత యూఐ ఆటోమేషన్ వచ్చింది. ప్రోగ్రామ్ రాసినవాడు ఆ ఒప్పందాన్ని పాటిస్తే జాస్‌కీ ఎన్‌వీడీఏకీ నరేటర్‌కీ ఒకే జవాబు వెళుతుంది. పాటించకపోతే మూడింటికీ మౌనమే. "బటన్, బటన్, బటన్" అని పేరు లేకుండా వినిపించే వెబ్‌సైట్ లక్ష పోసి కొన్న స్క్రీన్ రీడర్‌లోనూ "బటన్, బటన్, బటన్" అనే అంటుంది.

ఎంపికలో సగం చిక్కు ఇక్కడే విడిపోతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, వర్డ్, ఎక్సెల్, అవుట్‌లుక్ లాంటివి ఒప్పందాన్ని చాలావరకు పాటిస్తాయి కాబట్టి వాటిలో ఉచితానికీ ఖరీదుకీ తేడా తక్కువ. తేడా తెలిసేది మొండి ప్రోగ్రాముల దగ్గర. ఏ పదిహేనేళ్ల కిందటో ఎవరో ఒక కంపెనీకి రాసిచ్చిన అకౌంట్ల సాఫ్ట్‌వేర్, కౌంటర్ దగ్గర వాడే సొంత తెర, అలాంటివి. అక్కడ జాస్ చేతిలో రెండు పాత ఆయుధాలు ఉన్నాయి.

మొదటిది చరిత్రలోంచి వచ్చింది. ఆ ఒప్పందాలేవీ లేని రోజుల్లో స్క్రీన్ రీడర్లు విండోస్ తెర మీద గీసే ప్రతి అక్షరాన్నీ దారిలోనే పట్టుకుని, తెరకు ఒక నకలు తమ దగ్గర కట్టుకునేవి. జాస్ ఆ విద్యలో ఆరితేరింది. కొత్త విండోస్‌లలో దానికి చోటు తగ్గిపోయింది గానీ పాత ప్రోగ్రాముల దగ్గర ఇంకా అక్కరకొస్తుంది. ఎన్‌వీడీఏ మాత్రం మొదటి నుంచీ ఎక్కువగా ఒప్పందాన్నే నమ్ముకుంది.

రెండోది స్క్రిప్టులు. ఫలానా ప్రోగ్రామ్‌లో ఫలానా మీట నొక్కితే ఫలానా మూలన ఉన్న అంకె చదువు, ఈ పెట్టెకు పేరు లేదు కాబట్టి దీన్ని "ఖాతా నంబరు" అను, అని జాస్‌కి విడిగా రాసి పెట్టొచ్చు. ఇది రాసిచ్చే నిపుణులు ఉన్నారు, డబ్బు తీసుకుని ఆఫీసుకు తగ్గట్టు కుట్టిస్తారు, దర్జీ పనిలాగే. ఎన్‌వీడీఏలోనూ ఇదే పని పైథాన్ భాషలో చెయ్యొచ్చు, యాడ్-ఆన్ అంటారు. పైథాన్ తెలిసిన ఏ ఇంజినీరింగ్ కుర్రాడైనా రాయగలడు కాబట్టి ఒకరకంగా ఇదే సులువు. కాకపోతే "ఇది పాడైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి?" అని మేనేజరు అడిగినప్పుడు జాస్ పక్షాన ఒక డీలరు పేరు చెప్పొచ్చు. ఎన్‌వీడీఏకి కూడా డబ్బిచ్చి తీసుకునే ఫోన్ సపోర్టు ఉంది, శిక్షణ పాఠాలు అమ్ముతారు, నిపుణులకు పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తారు. ఆ సంగతి మన ఆఫీసుల దాకా రాలేదు, అంతే.

ఒకటి ఎందుకంత ఖరీదు, ఇంకొకటి ఎందుకు ఊరికే?

టెడ్ హెంటర్ మోటార్‌సైకిల్ రేసర్. 1978లో ఇంగ్లండ్‌లో జరిగిన కారు ప్రమాదంలో చూపు పోయింది. తర్వాత ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు, 1987లో బిల్ జాయిస్‌తో కలిసి అమెరికాలో హెంటర్-జాయిస్ కంపెనీ పెట్టాడు. డాస్ రోజుల్లోనే, 1989లో, జాస్ వచ్చింది, విండోస్‌కి 1995లో. ఆ పేరు విడదీస్తే "గొంతు సాయంతో ఉద్యోగానికి దారి" అనే అర్థం వస్తుంది. ఉద్యోగం అన్న మాట పేరులోనే ఉంది చూడండి, ధర రహస్యం కూడా అక్కడే ఉంది. అమెరికాలో చూపులేని ఉద్యోగికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఖర్చును తరచుగా ప్రభుత్వ పునరావాస శాఖో యజమానో భరిస్తారు. కొనేది మనిషి కాదు, వ్యవస్థ. వ్యవస్థ కొనేటప్పుడు వెయ్యి డాలర్లు పెద్ద మాట కాదు. ఆ లెక్క ప్రకారం పెట్టిన ధర మన దగ్గరికి వచ్చేసరికి ఒక గుమాస్తా కూతురి నెత్తిన పడింది. ఆఫీసులో వాడే శాశ్వత లైసెన్సు ధర అమెరికాలో వెయ్యి డాలర్లు దాటుతుంది. మన రూపాయల్లో లక్షకు అటూ ఇటూ. ఇంట్లో వాడుకునేవాళ్లకు ఏడాదికి సుమారు వంద డాలర్ల లెక్కన అద్దె పద్ధతి అక్కడ ఉంది. శాశ్వతం అన్నా అది కొన్న వెర్షన్‌కే శాశ్వతం. ఏటేటా వచ్చే కొత్త జాస్ కావాలంటే మెయింటెనెన్స్ ఒప్పందం కింద మళ్లీ కట్టాలి.

ఎన్‌వీడీఏ కథ సరిగ్గా ఈ ధర మీద కోపంతోనే మొదలైంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే చూపులేని కుర్రాడు 2006లో చదువు పక్కన పెట్టి దీన్ని రాయడం మొదలెట్టాడు. చిన్నప్పుడు చూపులేని పిల్లల సంగీత శిబిరంలో పరిచయమైన జేమ్స్ టే తోడయ్యాడు. 2007లో ఇద్దరూ ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. చూపున్నవాడికి తెర ఊరికే కనిపిస్తుంటే చూపులేనివాడు అదే తెర కోసం కంప్యూటర్ కంటే ఎక్కువ డబ్బు ఎందుకు కట్టాలన్నది వాళ్ల ప్రశ్న. దానికి ఇప్పటికీ సరైన జవాబు ఎవరి దగ్గరా లేదనే నా అభిప్రాయం. ఎన్‌వీడీఏ మన విరాళాలతోనూ, పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలు ఇచ్చిన నిధులతోనూ నడుస్తోంది. తొలి రోజుల్లో మొజిల్లా ఫౌండేషన్ ఆదుకుంది, తర్వాత మైక్రోసాఫ్ట్ లాంటివాళ్లూ చెయ్యి వేశారు. వాళ్ల బ్రౌజర్లూ ఆఫీసు ప్రోగ్రాములూ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించుకోవడానికి వాళ్లకూ ఇది కావాలి మరి.

ఉచితమైంది ఎప్పుడు మూతబడుతుందో అన్న అనుమానం చాలామందికి ఉంది. న్యాయమైన అనుమానమే. అయితే డబ్బిచ్చి కొన్నదాని ఆయుష్షుకు మాత్రం ఎవరు పూచీ? విండో-ఐస్ గుర్తుందా? జీడబ్ల్యూ మైక్రో వాళ్లది, ఒకప్పుడు జాస్‌కి గట్టి పోటీ. 2009 జనవరిలో వెబ్‌ఎయిమ్ అనే అమెరికన్ సంస్థ స్క్రీన్ రీడర్ వాడేవాళ్లను అడిగితే నూటికి 74 మంది జాస్ అన్నారు, 23 మంది విండో-ఐస్ అన్నారు, ఎన్‌వీడీఏ అన్నవాళ్లు ఎనిమిది మంది. 2014లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కొన్నవాళ్లందరికీ విండో-ఐస్ ఉచితం అన్నారు. ఇక దానికి తిరుగులేదనుకున్నాం. ఈలోగా ఆ కంపెనీ ఒకరిలో కలిసింది, వాళ్లను జాస్ అమ్మే సంస్థ తాలూకు పెద్ద కంపెనీ కొనేసింది, 2017లో విండో-ఐస్ అమ్మకం ఆగిపోయింది. వేల గంటలు వెచ్చించి దాని మీటలు కంఠస్థం చేసినవాళ్లు మళ్లీ ఓనమాలు దిద్దుకున్నారు. ఎన్‌వీడీఏ కోడు బహిరంగం, జీపీఎల్ లైసెన్సు కింద ఉంది. రేపు ఎన్‌వీ యాక్సెస్ తలుపులు మూసినా ఆ కోడును ఎవరూ వెనక్కి తీసుకోలేరు, ఓపిక ఉన్నవాళ్లు ఎత్తుకుని నడపొచ్చు. నడుపుతారన్న హామీ లేదు, నడపడానికి అడ్డు మాత్రం లేదు.

అదే వెబ్‌ఎయిమ్ పదో సర్వే 2024 మొదట్లో వచ్చింది. మామూలుగా వాడేవి ఏవేవి అంటే ఎన్‌వీడీఏ అన్నవాళ్లు 65.6 శాతం, జాస్ అన్నవాళ్లు 60.5 శాతం. రెండూ కలిపితే వంద దాటింది కదా అని తికమకపడొద్దు, ఒకటి కంటే ఎక్కువ వాడేవాళ్లే అక్కడ ఎక్కువ. ప్రధానంగా వాడేది ఒక్కటే చెప్పమంటే మాత్రం జాస్ కాస్త ముందుంది, 40.5 శాతం; ఎన్‌వీడీఏ 37.7. ఉత్తర అమెరికాలో జాస్‌ది పైచేయి, ఆసియాలో ఎన్‌వీడీఏది. డబ్బు ఎవరు కడుతున్నారన్న దాన్ని బట్టే ఈ తేడా అని నాకు అనిపిస్తుంది. స్వచ్ఛందంగా జవాబిచ్చిన పదిహేను వందల మంది లెక్క ఇది, లోకం మొత్తం లెక్క కాదు. అందులో మన ఊళ్ల వాళ్లు ఏ కొద్దిమందో.

గొంతు దగ్గర పేచీ

ఎన్‌వీడీఏ నచ్చలేదని చెప్పేవాళ్లలో పదిమందిలో ఎనిమిది మందికి నిజానికి నచ్చనిది ఎన్‌వీడీఏ కాదు, ఈస్పీక్. ఎన్‌వీడీఏతో పాటు వచ్చే గొంతు అది. ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ వాడుతూ గూగుల్ గొంతులో కమ్మగా తెలుగు వింటున్న పిల్లవాడు మొదటిసారి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఈస్పీక్ తెలుగు వింటే డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉంటుంది. పుణ్యానికి పుట్టెడు ఇస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు అనొచ్చు గానీ, రోజుకు ఎనిమిది గంటలు చెవిలో మోగే గొంతు విషయంలో ఆ పోట్లాట తప్పుకాదు.

ఈస్పీక్ ఎందుకు అలా ఉంటుందంటే అందులో మనిషి గొంతు దాదాపు లేదు. రికార్డు చేసిన ముక్కలు అతికించడం కాకుండా ధ్వనిని చాలావరకు లెక్కలు కట్టి పుట్టిస్తుంది. అందుకే బహుచిన్నది, మీట నొక్కిన క్షణంలోనే పలుకుతుంది, ఎంత వేగం పెంచినా అక్షరం నలగదు. అనుభవం ఉన్నవాళ్లు చూపున్నవాళ్లకు ఒక్క ముక్క అర్థం కానంత వేగంతో వింటారు. మనిషిలా మాట్లాడే గొంతులు ఆ వేగంలో నత్తినత్తిగా అయిపోతాయి, మీటకీ మాటకీ మధ్య ఆలస్యం కూడా తెలుస్తుంది. జాస్‌లో వచ్చే ఎలోక్వెన్స్ గొంతు మీద పాతవాళ్లకు అంత మమకారం ఉండటానికి కారణం ఇదే, అదీ యంత్రపు గొంతే కానీ కాస్త గుండ్రంగా, వేగానికి తట్టుకుంటూ ఉంటుంది. అయితే ఒక మాట. ఎలోక్వెన్స్‌కి తెలుగు రాదు, హిందీ కూడా రాదు. ఆ గొంతు కోసం జాస్ కొని తెలుగు పత్రిక తెరిస్తే అది అక్షరాలను మింగేసి కూర్చుంటుంది. ఇంకో మాట, ఎలోక్వెన్స్‌ని ఎన్‌వీడీఏకి కూడా విడిగా కొనుక్కోవచ్చు, వొకలైజర్ గొంతులనూ అంతే. అంటే గొంతు ఒక్కటే సమస్య అయితే దానికోసం ఇల్లంతా మార్చక్కర్లేదు.

తెలుగు, ఇంగ్లీషు కలిపి చదివేవాళ్లకు ఇంకో అవస్థ ఉంది. వెబ్ పేజీ రాసినవాడు ఈ భాగం తెలుగు, ఈ భాగం ఇంగ్లీషు అని లోపల గుర్తు పెడితే స్క్రీన్ రీడర్ దానంతటదే గొంతు మార్చుకుంటుంది. మన సైట్లలో ఆ గుర్తు పెట్టేవాళ్లు అరుదు. దాంతో ఇంగ్లీషు గొంతు తెలుగు ముందు నోరెళ్లబెడుతుంది, లేదా తెలుగు గొంతు ఇంగ్లీషును తన యాసలో ఈడ్చుకుంటూ చదువుతుంది. లిపిని బట్టి గొంతు మార్చే యాడ్-ఆన్‌లు ఎన్‌వీడీఏకి ఉన్నాయి. భారతీయ భాషలకు మంచి గొంతులు తయారుచేసే పనిని ఐఐటీ మద్రాస్ సారథ్యంలో కొన్ని సంస్థలు కలిసి చేపట్టాయి, తెలుగు అందులో ఒకటి. ఇలాంటి పనులు ముందుగా ఎన్‌వీడీఏ, లినక్స్‌లోని ఓర్కా స్క్రీన్ రీడర్ లాంటి తెరిచిన తలుపుల గుండానే వస్తాయి, ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి. తెలుగుతో ఎక్కువ పని ఉన్నవాళ్లు ఏది కొనబోయినా ముందు ఆ అమ్మేవాడి ముందే ఒక తెలుగు పేరా తెరిచి చదివించుకోవాలి. ఇంగ్లీషు డెమో విని మురిసిపోయి వచ్చినవాళ్లను చూశాను.

ఇక అనూ ఫాంట్ల గొడవ. ఇది స్క్రీన్ రీడర్ల వ్యాసంలో ఎందుకంటారా? మన అచ్చు ప్రపంచం దశాబ్దాల పాటు పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో నడిచింది, ఇప్పటికీ కొంత నడుస్తోంది. ఆ ఫైల్లో తెర మీద "అమ్మ" అని కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ కలిసిన గుంపు. ఫాంటు ఆ గుంపుకు తెలుగు ముసుగు తొడుగుతుంది, అంతే. కళ్లకు ముసుగు కనబడుతుంది, స్క్రీన్ రీడర్‌కి లోపలి గుంపు వినబడుతుంది. జాస్ అయినా ఎన్‌వీడీఏ అయినా అక్కడ చదివేది చెత్తే. లోపల కూడా నిజమైన తెలుగు అక్షరాలే ఉండే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, అవే దిక్కు. స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టిన సర్కారు ఉత్తర్వులది ఇంకో రకం, అందులో అసలు అక్షరాలే ఉండవు, ఫొటో మాత్రమే. బొమ్మలోంచి అక్షరాలు తీసే ఓసీఆర్ సదుపాయం జాస్‌లో ఉంది, ఎన్‌వీడీఏ కూడా విండోస్ ఓసీఆర్‌ను వాడుకుంటుంది. ఇంగ్లీషు కాగితాలకు రెండూ పనికొస్తాయి. తెలుగు స్కాన్‌కి మాత్రం ఆ పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి డాక్స్‌తో తెరవడమో, టెసరాక్ట్ లాంటి ఓసీఆర్ ప్రోగ్రామ్‌ను వాడటమో చెయ్యాలి. తెలుగు మీడియం విద్యార్థి నష్టపోతున్నది ఇక్కడ. ఆ నాన్న జాస్ కోసం చెయ్యబోయిన అప్పు ఈ నష్టంలో ఒక్క రూపాయి కూడా తీర్చదు.

కాబట్టి ఆయనకు నా జవాబు సూటిగానే ఉంటుంది: కొనకండి. పిల్లకు ఎన్‌వీడీఏ నేర్పించండి. ఆ డబ్బులో కొంత మంచి హెడ్‌ఫోన్లకీ, బ్యాటరీ నిలిచే ల్యాప్‌టాప్‌కీ, ఆరు నెలల శిక్షణకీ పెట్టండి. వీలైతే తెర మీది అక్షరాలను వేలికి తగిలే చుక్కలుగా మార్చే బ్రెయిల్ డిస్‌ప్లే వైపు చూడండి, చెవి ఒక్కదానితో స్పెల్లింగులు రావు. మన భాషల బ్రెయిల్ పద్ధతి అయిన భారతి బ్రెయిల్‌లో తెలుగు పట్టిక లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉంది, ఎన్‌వీడీఏ బ్రెయిల్ అంతా దాని మీదే నడుస్తుంది. రేపు ఉద్యోగంలో జాస్ ఇస్తే ఎలా అని ఆయన భయం. వెబ్ పేజీలో శీర్షికకు హెచ్, పట్టికకు టీ, బటన్‌కి బీ రెంటిలోనూ ఒకటే. విండో పేరు కావాలంటే ఇన్సర్ట్ పట్టుకుని టీ, ఆపకుండా చదవాలంటే ఇన్సర్ట్‌తో కింది బాణం. ఒకదాని మీద చెయ్యి తిరిగినవాడికి రెండోది రెండు వారాల పని. అసలు కష్టం మీటల్లో లేదు. పేజీని కళ్లతో కాకుండా వరసగా, శీర్షిక నుంచి శీర్షికకు గెంతుతూ మనసులో కట్టుకోవడంలో ఉంది. ఆ విద్య ఎక్కడ నేర్చినా వెంట వస్తుంది.

కొంచెం చూపు మిగిలినవాళ్ల సంగతి వేరు. అక్షరాలు పెద్దవి చేసి చూస్తూ, అలసినప్పుడు వినాలనుకునేవాళ్లకు తెరను పెద్దది చేసి చూపే జూమ్‌టెక్స్ట్‌నీ జాస్‌నీ కలిపి ఫ్యూజన్ అని అమ్ముతారు, ఆ పొత్తు బాగుంటుంది. విండోస్‌లోని మ్యాగ్నిఫయర్‌ను ఎన్‌వీడీఏతో కలిపి వాడితే కొందరికి సరిపోతుంది, కొందరికి చాలదు. ముందు ఆ ఉచిత జత వాడి చూసి, చాలకపోతేనే కొనాలి.

ఆఫీసు గుమ్మం దగ్గర

బ్యాంకు కుర్రాడి దగ్గరికి వద్దాం. ఆఫీసు కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ పనిచెయ్యదు, ఏదీ ఇన్‌స్టాల్ కాదు. "ఓపెన్ సోర్స్ కదా, సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోరు" అంటారు ఐటీ వాళ్లు. ఈ మాటలో పస తక్కువ, కోడు అందరికీ కనబడుతున్నదాన్ని అనుమానించి కనబడనిదాన్ని నమ్మడం వింతే. కానీ ఆఫీసుకు కావలసింది తర్కం కాదు, కాగితం. ఎవరి సంతకం ఉంది, తేడా వస్తే ఎవరి బాధ్యత, ఇన్వాయిస్ ఏది. జాస్‌కి ఆ కాగితాలన్నీ సిద్ధంగా ఉంటాయి. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో మనం కొనేది చాలాసార్లు ఇదే.

సాంకేతికంగా జాస్ నిజంగా ముందున్న చోటు కూడా ఆఫీసులోనే ఉంది. ప్రోగ్రామ్ ఎక్కడో సర్వర్ మీద నడుస్తూ దాని బొమ్మ మాత్రం మన తెరకు వచ్చే పద్ధతి, సిట్రిక్స్, రిమోట్ డెస్క్‌టాప్ లాంటివి. మన కంప్యూటర్‌లోని స్క్రీన్ రీడర్‌కి అదంతా ఒకే ఒక పెద్ద బొమ్మ, అడగడానికి ఎవరూ ఉండరు. జాస్ రెండు వైపులా ఉంటే సర్వర్‌లోని జాస్ మన దగ్గరి జాస్‌తో ఆ కనెక్షన్ లోపలి నుంచే మాట్లాడుకుంటుంది. ఎన్‌వీడీఏలో కూడా 2025 నుంచి రిమోట్ యాక్సెస్ లోపలే వస్తోంది, అంతకుముందు యాడ్-ఆన్‌గా ఉండేది. స్నేహితుడి కంప్యూటర్‌ని ఇంటి నుంచి బాగుచెయ్యడానికి బ్రహ్మాండం. కానీ అది మామూలుగా మధ్యలో రెండు కంప్యూటర్లనూ కలిపే ఒక రిలే సర్వర్ గుండా వెళుతుంది, బ్యాంకు ఫైర్‌వాల్ ముందు ఆ మాట ఎత్తడమే దండగ. ఇలాంటి చోట, లేదా స్క్రిప్టులు లేకుండా కదలని సొంత సాఫ్ట్‌వేర్ ఉన్న చోట జాస్ అడగడంలో తప్పులేదు.

ఎవరిని అడగాలి? జీతంలోంచి కొనుక్కోవడానికి కుర్రాడు సిద్ధపడుతున్నాడు, నాకు మండేది అక్కడ. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా ఉద్యోగికి సహేతుకమైన సౌకర్యాలు కల్పించాలి. పక్కవాడికి మానిటర్ కొనిచ్చినట్టే ఇతనికి స్క్రీన్ రీడర్. మానిటర్‌కి డబ్బు తెచ్చుకో అని ఎవరూ అనరు కదా. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని కూడా చెప్పింది. కాగితం మీద ఇంత ఉన్నా అడగందే అమ్మైనా పెట్టదు. ఫలానా పని, ఫలానా సాఫ్ట్‌వేర్, ఎన్‌వీడీఏతో ఈ మూడు తెరలు చదవడం లేదు, జాస్‌తో చదివాయి, కాబట్టి ఇది కావాలి, అని రాతపూర్వకంగా పెట్టుకోవాలి. "నాకు అలవాటు" అని రాస్తే ఫైలు కదలదు. లైసెన్సు సంస్థ పేరున ఉండాలి. ఇంటి వాడకానికని ఇచ్చే చవక లైసెన్సును ఆఫీసులో పెట్టడం నిబంధనలకు విరుద్ధం, తర్వాత మెడకు చుట్టుకునేది ఉద్యోగికే.

క్రాక్, అంటే లైసెన్సు తాళం పగలగొట్టిన కాపీ గురించి కూడా చెప్పుకోవాలి, చెప్పకపోతే అబద్ధమాడినట్టు. మన దేశంలో ఒక తరం మొత్తం దొంగ జాస్ మీదే కంప్యూటర్ నేర్చుకుందంటే అతిశయోక్తి కాదు. వేరే దారి లేని రోజుల్లో నేర్చుకున్నవాళ్లను నేను తప్పుపట్టలేను. ఇప్పుడు మాత్రం సాకు లేదు. పైగా స్క్రీన్ రీడర్ కంప్యూటర్ లోపల అత్యంత నమ్మకమైన చోట కూర్చుంటుంది, మీరు కొట్టే ప్రతి మీటా దానికి తెలుస్తుంది, పాస్‌వర్డ్‌తో సహా. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు తాళం పగలగొట్టి ఇచ్చినదాన్ని అక్కడ కూర్చోబెట్టి నెట్ బ్యాంకింగ్ చెయ్యడం, దొంగ చేతికి ఇంటి తాళాలిచ్చి తీర్థయాత్రకు వెళ్లడమే.

నరేటర్‌ను ఇంతసేపూ పక్కన పెట్టాను. విండోస్ 2000 నుంచీ ఉంది, చాలాకాలం ఎన్‌వీడీఏ దించుకోవడానికి తప్ప పనికిరాదని నవ్వేవాళ్లు. విండోస్ 10 నుంచి బాగా మెరుగైంది, 11లో ఇంగ్లీషుకు సహజమైన గొంతులూ వచ్చాయి. రోజంతా దానితో పని చెయ్యమని నేననను. కానీ విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే విండోస్ 10, 11 ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా లేచి మాట్లాడుతుంది. మిగతా రెండూ మొరాయించిన రోజు ప్రాణం పోసేది అదే, ఆ మూడు మీటలు మాత్రం గుర్తుంచుకోండి.

ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతే ఇలా చెయ్యండి. ఎన్‌వీడీఏలో పోర్టబుల్ కాపీ తయారుచేసుకునే వీలుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ కంప్యూటర్‌లోనైనా ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడపొచ్చు. లాగిన్ తెరా, అడ్మిన్ అనుమతి అడిగే పెట్టెలూ మాత్రం దానితో చదవవు. ఆఫీసు కంప్యూటర్ అయితే ఐటీ వాళ్లను ఒప్పించి ఒక పూట తెరిపించండి. మీరు రోజూ చెయ్యాల్సిన పని ఒకటి ఎంచుకోండి, నిజమైనది. ఒక ఖాతా తెరవడమో, ఎక్సెల్‌లో హాజరు నింపడమో, యూనివర్సిటీ సైట్‌లో ఫీజు కట్టడమో. దాన్ని ఎన్‌వీడీఏతో చేస్తూ ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. తర్వాత జాస్ దించుకుని, లైసెన్సు లేకుండానే స్టార్ట్ చేసి, అదే పని దానితో చెయ్యండి. ఆగిపోయిన చోట్ల జాస్ కూడా ఆగితే తప్పు ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడిది, ఫిర్యాదు అక్కడికి వెళ్లాలి. జాస్ దాటేస్తే మీ ఆఫీసుకు పెట్టబోయే అర్జీలో మొదటి పేరా దొరికినట్టే. దీనికంతా నలభై నిమిషాలు ధారాళంగా సరిపోతాయి.